మాట అందించిన గొంతు

“అడగడానికి ఆయనకి నోరెలా వచ్చిందో సరే, వింటూ కూర్చోడానికి నీకు మనసెలా ఒప్పిందిరా?”

ఖాసింబీ చేతిలో చేటని ఆ విసురున నేలకేసి కొట్టింది. అప్పటిదాకా ఏరిన రాళ్ళూ, ఏరని బియ్యమూ కలిసిపోయి వసారా అంతా చిందాయి.

దాదాపీర్ తల్లి వంక చూడలేక తల తిప్పుకున్నాడు. వెంకటసుబ్బారావు గారు సగం తాగి వదిలేసిన టీ గ్లాసు వంక చూస్తూ ఉండిపోయాడు. ఆయన స్కూటరు చప్పుడు భవానీపురం సందు చివర ఇంకా వినపడుతూనే ఉంది.

వచ్చినాయన మంచివాడే పాపం. బెంజ్ సర్కిల్ దగ్గర అడ్వర్టైజ్‌మెంట్ల ఆఫీసు. బస్టాండులో మైకు కాంట్రాక్టు కొత్తగా తీసుకున్నాడు. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదుందో చెప్పాలి, మధ్యమధ్యలో పళ్ళపొడి గురించీ గొడుగుల గురించీ నాలుగు ముక్కలు చదవాలి. దానికో గొంతు కావాలి. ఆ గొంతు తనదే అవుతుందని దాదాపీర్ కొండంత ఆశ పెట్టుకున్నాడు.

పెట్టుకోడా మరి! బెజవాడ నుంచి మైలవరం దాకా ఆ గొంతు తెలియని ఊరుందా? రిక్షాకి రెండు పక్కలా పోస్టర్లు కట్టి, పైన మైకు బిగించి, “నేడే చూడండి!” అని అతనొక్క కేక పెట్టాడంటే, చేలో కలుపు తీసే ఆడవాళ్ళు నడుములెత్తి చూసేవాళ్ళు. పదిహేనేళ్ళు అలా సినిమాలు ఆడించాడు. ఇప్పుడా కేకలు ఎవరికి కావాలి? కేబుల్ టీవీలో బొమ్మ కింద అక్షరాలు పరిగెడుతున్నాయి. “ఇంక ప్రచారం బండి వద్దులే దాదాపీర్” అని గాంధీనగర్లో డిస్ట్రిబ్యూటరు గారు ఒక్క ముక్కలో తేల్చేశారు.

ఆ తర్వాత అతను ఎక్కని గుమ్మం లేదు. చీరల కొట్టువాళ్ళు రెండు రోజులు సేలు గురించి అరిపించుకుని, ఆ అరుపునే క్యాసెట్ చేసుకుని, మూడోనాడు రానక్కర్లేదన్నారు. సర్కసువాళ్ళు పనిస్తామని చెప్పి డేరా పీక్కుని వెళ్ళిపోయారు. ఆటోనగర్లో వాచ్‌మన్ పని అడిగితే, “మీ గొంతు మాకు తెలీదా సార్! మీరు వాచ్‌మనేంటి!” అని నవ్వి, టీ తాగించి మరీ పంపేశారు. పేరుంటే పని దొరకదని దాదాపీర్‌కి ఆ వేళే తెలిసింది.

ఇక బస్టాండు మైకు సంగతి చూడండి. ముందు క్యాసెట్ ఇమ్మన్నారు, ఇచ్చాడు. తర్వాత మైకు ముందు కూర్చోబెట్టారు. గుడివాడ బస్సు గురించి చెప్పమన్నారు. చెప్పాడు బాబూ! “గుడివాడ... గుడివాడ... గుడివాడ! ఇదే మీ బస్సు! త్వరపడండి!” అని ఆ పాత ఊపులో ఎత్తుకునేసరికి, అదే ఆఖరి బస్సనుకుని జనం పిల్లల్ని చంకనేసుకుని పరిగెత్తారు. ఒక ముసలాయన చెప్పులు వదిలేసి మరీ ఎక్కాడు. తీరా చూస్తే ఆయన వెళ్ళాల్సింది గుంటూరు.

అదీ సహించవచ్చు. గోరుచుట్టు మీద రోకలి పోటంటే ఇవాళ పొద్దున్న పడింది.

“ఏమనుకోకండి దాదాపీర్ గారూ,” అన్నాడు వెంకటసుబ్బారావు గారు, టీ గ్లాసు రెండు చేతుల్తో పట్టుకుని, పెళ్ళి సంబంధం తప్పిపోయిందని చెప్పడానికొచ్చినవాడిలా. “మీ గొంతు బ్రహ్మాండం. కానీ నాకు కావలసింది క్యాసెట్లో మీకన్నా ముందు వినపడే గొంతు. ప్రతి మాటా మీకు అందిస్తోందే, ఆవిడ. ఎవరండీ ఆవిడ?”

తలుపు చాటున గిన్నె కింద పడ్డ చప్పుడయింది. ఎవరో చెప్పక్కర్లేకపోయింది.

అసలు కథ ఇదీ. దాదాపీర్ రెండో క్లాసులోనే బడికి దండం పెట్టి వచ్చేసిన మనిషి. కరపత్రం మీద అక్షరాలు అతనికి చీమల బారే. పెళ్ళయిన నాటి నుంచీ రోజూ పొద్దున్నే పెరట్లో భార్య సాజిదా, అత్తగారి చెవిన పడకుండా, కరపత్రం పట్టుకుని ఒక్కో వాక్యం చదివేది, అతను ఒక్కోటీ అందుకుని మైకు గొంతులో అనేవాడు. రెండోసారి చదివించుకునే అవసరమే ఉండేది కాదు. మొన్న క్యాసెట్ కూడా అలాగే చేశారు. పక్కింటి నుంచి టేప్‌రికార్డరు తెచ్చి, మీట నొక్కి, ఆమె ఒక మాట, అతనొక మాట. మధ్యలో మీట ఆపాలని ఇద్దరికీ తట్టలేదు. చేసి, విని, బాగుందనుకుని ఇచ్చేశారు.

నవ్వకండి. ఆ క్యాసెట్లో సాజిదా గొంతు ఉందన్న సంగతే వాళ్ళకి తెలియలేదు. గోడ గడియారం చప్పుడు ఇంట్లోవాళ్ళకి వినపడుతుందా? ఇదీ అంతే.

*

“నేను అడగలేదు అత్తమ్మా,” అంది సాజిదా, నేల మీద బియ్యం ఏరుకుంటూ. “ఆయన ఎవరో కూడా నాకు తెలీదు.”

“తెలీకుండానే మొగుడి నోటి దగ్గర కూడు లాక్కున్నావు. తెలిస్తే ఇంకేం చేసేదానివో!”

“అమ్మా!” అన్నాడు దాదాపీర్.

“నువ్వు నోరుమూసుకో. ఊళ్ళో అంత నోరు, ఇంట్లో ఏదిరా నీ నోరు?” ఖాసింబీ కొంగుతో కళ్ళొత్తుకుంది. “ముందొచ్చిన చెవుల కంటే వెనకొచ్చిన కొమ్ములు వాడని ఊరికే అన్నారా! మన ఇళ్ళల్లో ఆడదాని గొంతు గడప దాటి ఎరుగుదుమా? ఇది పోయి బస్టాండులో, తాగుబోతులూ జేబుదొంగలూ తిరిగే చోట, వచ్చేపోయే ప్రతివాడి చెవిలో మాట్లాడుతుందా? రేపు నువ్వు బయటికెళ్తే ఏమంటారు? ‘వీడి పని పెళ్ళానికిచ్చారట’ అంటారు. అది నేను వినాలా?”

ఆ చివరి మాటకి సాజిదా ఏరుతున్న బియ్యం వదిలేసి తలెత్తింది.

కోపమంతా అందుకేనని దాదాపీర్‌కి తెలిసింది. తల్లి బాధ పరువు గురించి కాదు, తన గురించి. కొడుకు ఓడిపోయాడని ఆవిడ గుండె రగులుతోంది. ఆ సంగతి తెలిశాక ఆవిణ్ణి ఏమనగలడు?

మధ్యాహ్నం అన్నాలకి కూర్చున్నారు. కూతురు ఆస్రా ముద్ద నోట్లో పెట్టుకుంటూ, “అమ్మ మైకులో మాట్లాడితే మా టీచరు కూడా వింటుందా నాన్నా?” అంది. ఖాసింబీ కంచం పక్కకి నెట్టి లేచిపోయింది.

*

సాయంత్రం తల్లి నమాజుకి కూర్చున్నప్పుడు దాదాపీర్ పక్కింటికెళ్ళి మళ్ళీ ఆ టేప్‌రికార్డరు అడిగి తెచ్చాడు. ఇంకో క్యాసెట్ ఉంది తన దగ్గర, మొదటిసారి సరిగ్గా రాలేదని పక్కన పడేసింది. పెరట్లో బావి గట్టు మీద పెట్టుకుని మీట నొక్కాడు.

“ప్రయాణికులకు విజ్ఞప్తి,” అంది సాజిదా.

ఆ వెంటనే తన గొంతు ఉరిమింది. దాదాపీర్ ఉలిక్కిపడ్డాడు. ఏమిటీ అరుపు? ఇన్నేళ్ళూ ఇలా అరిచానా?

వెనక్కి తిప్పాడు. మళ్ళీ పెట్టాడు. ఈసారి తన గొంతు వచ్చేలోపు మీట ఆపేశాడు. మళ్ళీ ముందుకి, మళ్ళీ ఆపు. ఆమె వాక్యాలు మాత్రం ఒకదాని తర్వాత ఒకటి విన్నాడు. మచిలీపట్నం. అవనిగడ్డ. నూజివీడు. తిరువూరు. సాజిదా ఊరి పేరు పలుకుతుంటే ఆ ఊళ్ళో ఎవరో మనకోసం తలుపు తీసి ఉంచినట్టుంది. తొందర లేదు, భయం లేదు, బతిమాలడం లేదు. ఉన్న మాట ఉన్నట్టు చెప్పి, విన్నవాడికి ఆలోచించుకోడానికి ఒక్క క్షణం వదిలి, అప్పుడు తర్వాతి మాట.

దాదాపీర్ మీట మీంచి వేలు తీశాడు.

పని తెలిసినవాడు కదా, తనని తాను మోసం చేసుకోలేకపోయాడు. గొంతులెన్ని విన్నాడు! నాటకాలవాళ్ళవి, హరికథలవాళ్ళవి, ఓట్ల మీటింగులవాళ్ళవి. ఇలాంటిది వినలేదు. ఇది తన ఇంట్లో, తన పొయ్యి దగ్గర, ఇన్నేళ్ళుగా ఉందా! యా అల్లా, ఇంత దగ్గర పెట్టి వినపడకుండా చేశావేమయ్యా!

అసూయ లేదా అంటే, ఎందుకు లేదూ? లోలోపల భగ్గుమంది. కానీ ఆ మంట మీద ఇంకేదో చల్లగా దిగుతోంది, దానికి పేరేమిటో అతనికి తెలీలేదు. నిండుగా పారే కృష్ణని మొదటిసారి చూసినప్పుడు, చిన్నప్పుడు, నాన్న భుజం మీద కూర్చుని, ఇలాగే నోరు తెరుచుకుని ఉండిపోయాడు.

తలెత్తితే సాజిదా పెరటి గుమ్మంలో నిలబడి ఉంది.

“ఎందుకండీ అది మళ్ళీ మళ్ళీ?”

“నువ్వేమంటావు సాజిదా?”

“నేనేమంటానండీ. మీరు వద్దంటే మానేస్తాను.”

“నేనడిగింది అది కాదు.”

ఆమె బావి గిలక వంక చూసింది. తడి చేతులు కొంగుకి తుడుచుకుంది, పొడిగా అయ్యాక మళ్ళీ తుడుచుకుంది. అవతల సందులో ఎవరో ఐసు బండిని గంట కొట్టుకుంటూ తోసుకుపోయారు.

“నాకు చెయ్యాలనుంది,” అంది.

పదిహేనేళ్ళ కాపురంలో నాకిది కావాలని ఆ మనిషి అనడం దాదాపీర్ వినలేదు. చీర అడగలేదు, సినిమా అడగలేదు. ఇతను ఊరందరికీ సినిమాలు చూపించాడు కదా, సొంత పెళ్ళాన్ని తీసుకెళ్ళింది ఎన్నిసార్లో వేళ్ళ మీద లెక్కపెట్టచ్చు.

“కూడు కోసమా?” అన్నాడు.

“కూడు కోసం కూడా. కానీ... చెప్తే మీరు నవ్వుతారు. రోజూ మీకు చదివి వినిపించి, మీరు బండెక్కి వెళ్ళిపోయాక, అదే మాట ఒకసారి నేను మైకులో అంటే ఎలా ఉంటుందా అనుకునేదాన్ని. రోజూ అనుకునేదాన్ని.”

దాదాపీర్ నవ్వలేదు. మింగలేడు, కక్కలేడు. చివరికి టేప్‌రికార్డరు పక్కకి పెట్టి, గొంతు సవరించుకున్నాడు.

“మైకుకి జానెడు దూరంలో కూర్చో. మీద పడిపోకు. ‘ప’ దగ్గరా ‘భ’ దగ్గరా ఊపిరి తగిలి టప్పుమంటుంది, మొహం కాస్త పక్కకి తిప్పు. చలికాలం పొద్దున్నే వేణ్ణీళ్ళు తాగి వెళ్ళు. ఎవరైనా కిటికీ దగ్గరకొచ్చి తిడితే వినపడనట్టు ఊరుకో, తిట్టేవాళ్ళు తిడతారు.” ఆగాడు. “ఇంకొకటి. అరవమంటారు. వెంకటసుబ్బారావు గారే పళ్ళపొడి దగ్గర కాస్త గట్టిగా అనమ్మా అంటాడు. అరవకు. నీ గొంతు ఉన్నట్టే ఉండనియ్.”

సాజిదా కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. “మరి మీరు?” అంది.

“నాకేం? ఎక్కడో ఏదో దొరక్కపోతుందా.”

ఆ మాట అతనికే నమ్మకంగా అనిపించలేదు.

లోపల ట్రంకు పెట్టె మూత కిర్రుమంది. ఇద్దరూ వెళ్ళి చూస్తే ఖాసింబీ చీరలు మడతపెట్టుకుంటోంది. అంతా విన్నదన్నమాట.

“సోమవారం నన్ను మైలవరం బస్సెక్కించు,” అంది కొడుకు మొహం చూడకుండా. “మీ అక్క ఇష్రత్ దగ్గర ఉంటాను. కూతురింట్లో పడి తినడం నాకూ సిగ్గే. కానీ ఇక్కడ ఉండి ఇది చూడలేను.”

“ఎప్పుడొస్తావమ్మా?”

“అది మానేసిన రోజున.”

*

సోమవారం సాజిదా పొద్దున్నే సిటీ బస్సెక్కి వెళ్ళిపోయింది. వెళ్తూ అత్తగారికి సలాం చేస్తే ఆవిడ అటు తిరిగి కూర్చుంది. కాసేపాగి దాదాపీర్ ట్రంకు పెట్టె నెత్తిన పెట్టుకుని తల్లిని వెంటబెట్టుకుని బయల్దేరాడు.

బస్టాండు జనంతో కిటకిటలాడుతోంది. అతను ఒక సిమెంటు బెంచీ మీద తల్లిని కూర్చోబెట్టి, పెట్టె కాళ్ళ దగ్గర దించాడు. పైన కప్పు నుంచి లౌడుస్పీకర్లు వేలాడుతున్నాయి. అతని చూపు వాటి మీదే ఉంది. మొదటిసారి తను రిక్షా ఎక్కిననాడు కూడా ఇంత భయపడలేదు.

గర్రుమని ఒక చప్పుడు. తర్వాత నిశ్శబ్దం.

“ప్రయాణికులకు విజ్ఞప్తి.”

చివర కాస్త వణికింది. దాదాపీర్ స్పీకరు వైపు మెడ సాచాడు. కానియ్యి తల్లీ, కానియ్యి. నీళ్ళలోకి దిగాక ఇంక చలి ఏమిటి!

“గుడివాడ మీదుగా మచిలీపట్నం వెళ్ళు ఎక్స్‌ప్రెస్ బస్సు ఆరో నంబరు ప్లాట్‌ఫారం మీద సిద్ధంగా ఉన్నది.”

వణుకు లేదు. ఆ గొంతు అంత పెద్ద కప్పు కిందా నిండిపోయింది. ఎక్కడా గోడకి కొట్టుకోలేదు, ఎవరి మీదా విరుచుకుపడలేదు. కిళ్ళీ కొట్టు దగ్గరి వాడికీ, అటు చివర మూటల మీద నిద్రపోతున్నవాడికీ, పక్కన కూర్చుని చెప్తున్నట్టే వినపడింది.

అప్పుడు చూశాడు దాదాపీర్, జనాన్ని.

నిద్రపోతున్నవాడు లేచి మూట ఎత్తుకున్నాడు. ఒక బాలింత పిల్లని పొత్తిళ్ళలో సర్దుకుని నడిచింది. చేపల గంపలు దించుకుని కూర్చున్న ఆడవాళ్ళు గంపలు ఎత్తుకున్నారు. కళ్ళులేని ఒక తాత కర్ర తాటించుకుంటూ, ఎవరినీ అడక్కుండా, నేరుగా ఆ బస్సు వైపే వెళ్ళాడు. ఒక్కడు పరిగెత్తలేదు. ఒక్కడు తలెత్తి పైకి చూడలేదు.

తను కేక పెడితే అందరూ తన వంక చూసేవాళ్ళు. చూసి నవ్వుకుని మళ్ళీ పనిలో పడేవాళ్ళు. ఈ గొంతు వింటే ఎవరూ చూడటం లేదు, చెప్పినట్టు నడుస్తున్నారు. ఇంతమంది జనం, ఇన్ని ఊళ్ళు, తన సాజిదా చెప్పినట్టు! దాదాపీర్ తల్లి పక్కన కూర్చున్నాడు. మనసులోనే పైవాడికి సలాం చేసుకున్నాడు.

“ఎవర్రా ఆ అమ్మాయి?” అంది ఖాసింబీ.

దాదాపీర్ తల తిప్పి చూశాడు.

“బాగా చెప్తోంది. నాబోటి చదువురాని ముండకి కూడా తెలిసేట్టు చెప్తోంది. పోయినసారి బోర్డు చదవడం రాక, వాణ్ణీ వీణ్ణీ అడిగి నూజివీడు బస్సెక్కి ఎంత ఏడ్చానో గుర్తుందా? ఈ పిల్ల అప్పుడుంటే ఆ ఏడుపు తప్పేది.” ఆవిడ చుట్టూ చూసింది. “మనదాన్ని ఇంకా కూర్చోబెట్టలేదా?”

“అది సాజిదాయేనమ్మా.”

ఖాసింబీ కొడుకు మొహం వంక చూసింది. వేళాకోళం చేస్తున్నాడేమోనని చూసింది. తర్వాత స్పీకరు వంక చూసింది.

ఇంట్లో కోడలు ఆవిడ ఎదుట ఏనాడైనా గొంతెత్తి మాట్లాడితే కదా, పోల్చుకోడానికి! ‘ఆ అత్తమ్మా’, ‘లేదత్తమ్మా’, ‘వడ్డించనా అత్తమ్మా’. ఇన్నేళ్ళూ వింటున్నది ఇదేనా అన్నట్టు ఆవిడ పెదవులు కదిలాయి.

“మైలవరం, తిరువూరు మీదుగా భద్రాచలం వెళ్ళు బస్సు పదకొండో నంబరు ప్లాట్‌ఫారం మీద సిద్ధంగా ఉన్నది.”

దాదాపీర్ పెట్టె అందుకున్నాడు. ఖాసింబీ లేవలేదు.

“అమ్మా, బస్సు.”

“మళ్ళీ చెప్తుందా?”

“చెప్తుందమ్మా. మూడుసార్లు చెప్పాలి.”

ఆవిడ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. రెండోసారీ చెప్పింది సాజిదా. ఆవిడ కదల్లేదు. కళ్ళు మూసుకుంది. ఏమనుకుంటోందో దాదాపీర్‌కి అంతు చిక్కలేదు. తల్లి మొహం చూసి మనసు చెప్పగలనని ఇన్నాళ్ళూ అనుకున్నాడు. ఇవాళ ఆ ధీమా కూడా పోయింది.

మూడోసారి చెప్పింది. బస్సు ఇంజను స్టార్టయింది.

ఖాసింబీ గభాల్న లేచింది. కొంగు నడుముకి బిగించింది. గుంపులోంచి దారి చేసుకుంటూ నడిచింది. బస్సు వైపు కాదు, పక్కనున్న మెట్ల వైపు. మెట్ల పైన అద్దాల గది ఉంది. అందులోనే మైకు.

“అమ్మా! బస్సు అటు కాదు!”

“బస్సెక్కడో నాకు తెలుసు. అది మూడుసార్లు చెప్పింది,” అంది ఆవిడ వెనక్కి తిరక్కుండా.

మోకాళ్ళ నొప్పులతో గడప దాటడానికే మూలిగే మనిషి కమ్మీ పట్టుకుని గబగబా మెట్లెక్కుతోంది. ఎందుకు? దీవించడానికా? రెక్క పట్టుకుని కిందికి ఈడ్చుకురావడానికా? దాదాపీర్ పెట్టె నెత్తినెత్తుకుని వెనకే పరిగెత్తాడు. జనం అడ్డం వచ్చారు. ఒక్క కేక పెడితే ఆవిడ ఆగుతుంది. తన కేకకి ఆగనివాళ్ళు ఈ జిల్లాలో లేరు. నోరు తెరిచాడు.

పైన సాజిదా అవనిగడ్డ బస్సు గురించి చెప్తోంది.

దాదాపీర్ నోరు మూసుకున్నాడు.

ఖాసింబీ ఆఖరి మెట్టెక్కింది. అద్దాల తలుపు మీద చెయ్యి వేసి తోసింది.

“అవనిగడ్డ, నాగాయలంక వెళ్ళు ప్రయాణికులు...”

మైకులో మాట ఆగిపోయింది. బస్టాండులో జనమంతా ఒక్కసారిగా తలలెత్తి పైకి చూశారు.